బూడిదరంగు కల్యాణ మండపం

నేను ఒక సీపీయూ డబ్బాను. మొహం చిట్లించకండి. బంగారు నాణెమో, రాజుగారి కత్తో కథ చెబుతానంటే చాప పరుచుకుని కూర్చుంటారు. నల్లరేకు డబ్బా నోరు విప్పితే మాత్రం మీకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. కూర్చోండి. నా కథలో పెళ్ళిళ్ళున్నాయి, ఏనుగుంది, గుర్రముంది, మేక ఉంది. ఒక ఆడపిల్ల గెలుపుంది. ఆ గెలుపులో నా వాటా ఎంతో చివర్లో మీరే తేల్చండి.

నేను పుట్టింది సికింద్రాబాదులో, కంప్యూటర్ విడిభాగాలమ్మే ఒక ఇరుకు కొట్లో. నా మెదడు ఒక దేశంలో తయారైంది, జ్ఞాపకశక్తి ఇంకో దేశంలో. నన్ను చల్లబరిచే ఫ్యాను ఏ దేశానిదో దానికే తెలియదు. అన్నిటినీ ఒకచోట చేర్చి బిగించినవాడు సమోసా తింటూ బిగించాడు. ఆ నూనె వేళ్ళ గుర్తు నా లోపలి రేకు మీద ఇప్పటికీ ఉంది. మీ ఇళ్ళలో బిడ్డ పుడితే నక్షత్రం చూపిస్తారు, పేరు వెతుకుతారు. నాకు మీట నొక్కి, లైటు వెలిగిందో లేదో చూసి, "ఆఁ, బతికింది, పెట్టెలో పెట్టు" అన్నారు. నా బారసాల అక్కడితో సరి.

నన్ను కొన్నది తాడేపల్లిగూడెం చంటిబాబు. పెళ్ళి వీడియోలు తీసి, వాటికి హంగులద్ది ఇవ్వడం అతని వృత్తి. అబ్బో, నా చేత ఎన్ని చేయించాడనుకున్నారు! వధూవరులను తామరపువ్వులో కూర్చోబెట్టాను. మబ్బుల్లో తేలించాను. జిల్లా దాటి ఎరగని జంటను మంచుకొండల ముందు నిలబెట్టాను. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "మా వియ్యంకుడు మరీ ఎక్కువసార్లు కనబడుతున్నాడండి, కాస్త తగ్గించండి" అనేవాడు. ఆయన అటు వెళ్ళగానే వియ్యంకుడు ఇటునుంచి వచ్చి అదే మాట తిప్పి అనేవాడు. చంటిబాబు ఇద్దరికీ "ఆయ్, అలాగేనండి" అని తలూపి, ఎవరినీ తగ్గించకుండా తెరనిండా గులాబీలు రాల్చేవాడు. గులాబీలు రాలితే ఇద్దరూ సంతోషంగా వెళ్ళిపోయేవారు. హంగు ఎక్కువైతే లోపల ఏముందో మనుషులు అడగరని నాకు అక్కడే తెలిసింది.

కొన్నేళ్ళకు డ్రోన్లు వచ్చాయి, వీడియోల సైజు పెరిగింది, నా వేగం చాలలేదు. చంటిబాబు రంగురంగుల లైట్లు మెరిసే కొత్త యంత్రం కొన్నాడు. నన్ను బల్లకింద పెట్టి నా నెత్తిన టీ గ్లాసులు పెట్టుకోవడం మొదలెట్టాడు. అన్ని వందల పెళ్ళిళ్ళు చేయించిన నేను టీ గ్లాసులకు పీటనయ్యాను. ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుందని ఊరుకున్నాను.

అప్పుడొచ్చింది లిఖిత. చంటిబాబు అక్క సత్యవేణి గారి కూతురు. చిన్నప్పుడు సెలవుల్లో మావయ్య వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళి, కెమెరా పక్కన లైటు పట్టుకుని నిలబడేది. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసింది. బల్లకింద నన్ను చూసి, టీ గ్లాసులు తీసి పక్కన పెట్టి, చున్నీ చెంగుతో నా నెత్తి తుడిచింది. ఆ క్షణంలోనే నేను ఆ పిల్లకు దాసోహమైపోయాను.

"మావయ్యా, ఇది నాకిస్తావా? నేను లెవెల్ డిజైనర్ అవుదామనుకుంటున్నా."

"లెవెలా? ఇంజనీర్లు గోడ తిన్నగా ఉందో లేదో చూడ్డానికి పెడతారు, అదేనా?"

"కాదు మావయ్యా. కంప్యూటర్ ఆటలో ఒక్కో చోటునీ లెవెల్ అంటారు. ఎక్కడ గోడుండాలి, ఎక్కడ తలుపుండాలి, ఆడేవాళ్ళు ఎక్కడ భయపడాలి, ఎక్కడ హమ్మయ్య అనుకోవాలి, ఇవన్నీ అమర్చేవాళ్ళే లెవెల్ డిజైనర్లు."

"తీసుకో, ఇక్కడే స్టూడియోలో కూర్చుని చేసుకో. కానీ మీ అమ్మకు నా పేరు చెప్పకు. నన్ను ఊరంతా వినబడేలా తిడుతుంది."

సత్యవేణి గారు ప్రైవేటు బళ్ళో లెక్కల టీచరు. కూతురు బ్యాంకు పరీక్షలకు చదవాలని ఆవిడ పట్టు. పట్టంటే మామూలు పట్టు కాదు, ఆవిడ క్లాసులో పంఖా కూడా చప్పుడు చెయ్యడానికి జంకుతుందని చంటిబాబు అనేవాడు. సంగతి దాగుతుందా? తెలిసిపోయింది. ఆవిడ స్టూడియోకి వచ్చి, నా వైపు ఒక చూపు చూసి, కూతురితో తెగేసి చెప్పారు.

"కోచింగులో కొత్త బ్యాచి మొదలయ్యేదాకా నీ ఇష్టం. ఆలోగా ఎవరైనా నీకు ఉద్యోగమిస్తే నేను నోరెత్తను. ఇవ్వలేదా, ఈ డబ్బాని పాత సామాన్లవాడికి నేనే వేసేస్తాను. మళ్ళీ ఆటలన్న మాట నా ఇంట్లో వినబడకూడదు."

అదండీ సంగతి. ఆ పిల్ల బతుకూ నా బతుకూ ఒకే ముడి పడిపోయాయి.

అదృష్టం కొద్దీ ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ కొత్తవాళ్ళకు అవకాశమిస్తామని ప్రకటించింది. ఒక చిన్న లెవెల్ చేసి పంపాలి. ఏ ఇంజిన్లో చేసినా సరే. షరతు ఒక్కటే. ఆడేవాడు తను చేరాల్సిన చోటుకి తనంతట తనే చేరుకోవాలి. తెరమీద ఒక్క మాట రాయకూడదు, ఒక్క బాణం గుర్తు పెట్టకూడదు.

ఇంజిన్ అంటే లారీ ఇంజిన్ అనుకునేరు. ఆటలు తయారుచేసే పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఇంజిన్ అంటారు. గోడకు మనిషి గుద్దుకుంటే ఆగాలి, మెట్టు దిగితే కిందికి రావాలి, దీపం పెడితే నీడ పడాలి. ఇవన్నీ అది చూసుకుంటుంది. అలాంటివి చాలా ఉన్నాయి. వాటి అసలు పేర్లు నేను చెప్పను. వాటిని మోసినవాణ్ణి నేను గనుక బరువును బట్టి పేర్లు పెట్టుకున్నాను. అన్నిటికంటే పెద్దది ఏనుగు, మధ్యది గుర్రం, చిన్నది మేక.

ఇక మొదలైంది చూడండి. నేను చూసిన పెళ్ళిచూపుల్లో ఏ ఒక్కటీ ఇంత హడావుడిగా జరగలేదు. ఏనుగుది పెద్దింటి సంబంధం, పేరున్న ఆటలన్నీ దాంట్లోనే పుట్టాయట. గుర్రానికి నేర్పేవాళ్ళు ఎక్కువట. మేక బుద్ధిమంతురాలేగానీ ఆస్తిపాస్తులు లేవట. ఈ వివరాలన్నీ ఫోనులో చెప్పేవాడు ఫణీంద్ర. లిఖిత క్లాస్‌మేటు, హైదరాబాదులో గేమింగ్ కోర్సు చేస్తున్నాడు. ఇంజిన్ల గురించి అతనికి తెలియని విషయం లేదు. కొత్త ఇంజిన్ ఏది వచ్చినా ముందు తన కంప్యూటర్లో పెట్టుకునేవాడు. ఒక్క ఆటైనా మాత్రం ఇంతవరకూ చెయ్యలేదు.

"పిచ్చిదానా, ఉద్యోగాలన్నీ పెద్దదాంట్లోనే ఉన్నాయే. చిన్నదాంట్లో చేసి పంపితే తెరిచి కూడా చూడరు" అన్నాడు ఫణీంద్ర.

ఆ మాటతో లిఖిత ఏనుగును తెచ్చి నామీద ఎక్కించింది.

నా అవస్థ ఏం చెప్పమంటారు! అది ఇంటర్నెట్లోంచి దిగడానికే ఒక పూట పట్టింది. తెరవడానికి ఇంకో యుగం. నా ఫ్యాను గింగిరాలు తిరుగుతూ అరిస్తే, పక్క గదిలో పెళ్ళివారు "మిక్సీ ఏమన్నా వేశారా?" అని అడిగారు. కానీ తెరమీద ఏమి వెలుగు! లిఖిత ఒక అడవి పెట్టింది. ఆకుల సందుల్లోంచి ఎండ, ఎండలో ఎగిరే దుమ్ము, బండమీంచి జారే నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం. చంటిబాబు వచ్చి నోరెళ్ళబెట్టాడు.

"అబ్బబ్బ! ఏం వెలుగే తల్లీ! ఇందులో ఓ జంటని నిలబెడితే ఆల్బమ్ అదిరిపోద్ది!"

లిఖిత మురిసిపోయింది. రాయి మీద నాచు పెట్టడానికి ఒక వారం, ఆ నాచు తడిగా కనబడ్డానికి ఇంకో వారం. దీపం ఇటు జరిపితే నీడలు లెక్కగట్టడానికి నాకు పూటలు పట్టేది. ఆ పిల్ల నా ముందు గడ్డానికి చేతులానించి కూర్చుని ఎదురుచూసేది. చివరికొక మధ్యాహ్నం జలపాతం పక్కన పూలతీగ పెట్టబోతుంటే, నా తల మండిపోయి, గుడ్లు తేలేసి, టప్పున ఆగిపోయాను. తప్పు నాది కాదు. టీ గ్లాసులు మోసిన వెన్ను మీద ఏనుగునెక్కిస్తే ఏమవుతుంది?

అప్పుడైనా ఆగి ఆలోచించిందా? లేదు. గుర్రాన్ని తెచ్చింది. గుర్రం భాష వేరు, దాని పాఠాలు వేరు. పాఠాలు చూస్తూ, చెప్పినవాళ్ళు చేసినట్టే చేస్తూ కొన్నాళ్ళు గడిపింది. ఇంతలో ఫణీంద్ర ఫోను, "దాంట్లో వెలుగు అంత బాగా రాదే" అని. మళ్ళీ ఏనుగు. మళ్ళీ నేను ఆగిపోవడం. మళ్ళీ గుర్రం. ఏ సంబంధం చూసినా ఇంకో సంబంధం మీద మనసు పీకే పెళ్ళివారిలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కోచింగ్ బ్యాచి మాత్రం దగ్గరపడుతోంది. నాకు పాత సామాన్లవాడి బండి గంట కలల్లో వినబడేది.

ఒకరోజు పొద్దున చంటిబాబు పనిలేక వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏదీ, ఆ అడవిలో నేనూ ఓ చుట్టు తిరుగుతా" అన్నాడు. లిఖిత సంబరంగా మీటలు చూపించింది. చంటిబాబు నడిచాడు. చెట్టుకు గుద్దుకున్నాడు. ఇటు తిరిగాడు. జలపాతం చూసి "బాగుంది" అన్నాడు. మళ్ళీ చెట్టుకు గుద్దుకున్నాడు.

"ఎటెళ్ళాలే?"

"అదేంటి మావయ్యా, జలపాతం ఎడమపక్క సందుంది కదా, అందులోంచి."

"నాకు కనబడలేదే."

"బండ వెనకాల. ఆ, ఇంకొంచెం ఎడమకి. అబ్బా, అటు కాదు మావయ్యా!"

చంటిబాబు మౌసు వదిలేసి ఆ పిల్ల వైపు చూశాడు. అతను వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. "అయితే ఈ ఆట ఆడే ప్రతివాడింటికీ నువ్వెళ్ళి, పక్కన కూర్చుని చెబుతావా ఏంటి?"

ఇన్నాళ్ళూ చేసిందేమిటో ఆ పిల్లకు ఒక్కసారిగా అర్థమైపోయింది. నాచుంది, ఎండుంది, నీళ్ళున్నాయి. దారి లేదు. దారి అమర్చడమే తన పని అని చెప్పుకుని తిరిగింది, ఆ పనొక్కటే చెయ్యలేదు. మావయ్య వెళ్ళాక బల్లమీద తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు చేతులుంటే తల నిమిరేవాడిని. ఫ్యాను మెల్లగా తిప్పుతూ గాలి విసిరాను.

ఏడ్చి లేచిన లిఖిత వేరే మనిషి. మొహం కడుక్కుని వచ్చి, ఫణీంద్రకు ఫోను చెయ్యకుండా, ఎవరి సలహాలూ చూడకుండా సొంతంగా ఒక పరీక్ష పెట్టింది. ఒక గది. ఒక తలుపు. తలుపు దాటితే గెలుపు. హంగులేమీ లేవు, బూడిదరంగు పలకలు నిలబెట్టిన గోడలు. అదే గదిని మూడు ఇంజిన్లలోనూ కట్టాలి. ఏ ఇంజిన్లో కట్టిన గదిలో మావయ్య ముందుగా నడుస్తాడో అదే తన ఇంజిన్.

ఏనుగు ఇంకా కళ్ళు నులుముకుంటోంది. గుర్రం జీను కట్టించుకుంటోంది. మేకలో మాత్రం చంటిబాబు చేతిలో కాఫీ చల్లారకముందే తలుపు దాటేశాడు. "ఇంతేనా?" అన్నాడు. గోడ జరిపి మళ్ళీ ఆడించింది, ఈసారి తడబడ్డాడు. ఇంకోసారి జరిపింది, దాటాడు. లిఖిత కళ్ళు మెరవడం మొదలెట్టాయి. నేనైతే ఎగిరి గంతేశాను. మేక నా మీద ఉందో లేదో కూడా తెలియడం లేదు మరి!

"చిన్నదాంతో ఉద్యోగమా? నీ ఇష్టం తల్లీ" అన్నాడు ఫణీంద్ర, తర్వాత తెలిసి. లిఖిత నవ్వి ఫోను పెట్టేసింది.

ఇక ఏం కట్టాలి? అడవి ఆ పిల్ల ఎప్పుడూ చూసింది కాదు. చూసింది కల్యాణ మండపాలు. వాటి వెనక వంటశాలలు, ఇరుకు నడవాలు, జనరేటరు గదులు, వైరు చుట్టలు దాటుకుంటూ మావయ్య వెంట పరుగెత్తిన దారులు. అదే కట్టింది. మీరు మండపం వెనక వంటశాలలో ఉంటారు. చేతిలో అక్షింతల పళ్ళెం. ముహూర్తం దగ్గరపడింది. వేదిక దగ్గరికి చేరాలి. బోర్డుల్లేవు, బాణాల్లేవు, చెప్పేవాడు లేడు. మొత్తం బూడిదరంగు డబ్బాలే. వంటశాలా డబ్బాలే, వేదికా డబ్బాలే, పెళ్ళికొడుకు కూడా నిలబెట్టిన డబ్బానే. కొందరు పెళ్ళికొడుకులను చూసిన అనుభవంతో చెబుతున్నాను, పెద్ద తేడా ఏమీ లేదు.

లెవెల్ కట్టేవాళ్ళకు ఒక ఆచారముంది. ఎవరైనా ఆడుతుంటే పక్కన కూర్చుని చూడాలి, నోరు మాత్రం విప్పకూడదు. విప్పారా, ఆ ఆట లెక్కలోకి రాదు. చెప్పడానికి తేలికే. లిఖితకు నాలుక నిలవదు. మావయ్య తప్పుదారి పట్టగానే "అటు కాదు" అని నోరుజారేది. తిట్టుకునేది. మళ్ళీ జారేది. చివరికొక ఉపాయం కనిపెట్టింది. ఎవరైనా కుర్చీలో కూర్చోగానే చెంబెత్తి నోటినిండా నీళ్ళు పోసుకునేది. ఆట అయ్యేదాకా బుగ్గలు పొంగించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని అలాగే కూర్చునేది. పెళ్ళి ఆల్బమ్ కోసం వచ్చినవాళ్ళు, పూల డెకరేషన్ వాళ్ళు, ఎవరు దొరికితే వాళ్ళను కూర్చోబెట్టేది. "ఈ అమ్మాయికి పళ్ళు నొప్పా?" అని ఒక పెద్దాయన జాలిపడి లవంగం ఇచ్చి వెళ్ళాడు.

ఎంత నేర్చుకుందో ఆ నీళ్ళ నోటితో! మొదట్లో వచ్చినవాడల్లా తిన్నగా భోజనాల హాల్లోకి దూరేవాడు. దాని తలుపు వెడల్పు మరి. పెళ్ళికొచ్చినవాడికి భోజనాల హాలు కనబడితే కాళ్ళు ఆగుతాయా? లిఖిత ఆ తలుపు ఇరుకు చేసింది. వంటశాల గుమ్మంలో నిలబడగానే దూరంగా గోడమీంచి వేదిక శిఖరం కనబడేలా ఎత్తు పెంచింది. ముందు చూపించి, తర్వాత దాచి, మలుపు తిరిగాక మళ్ళీ చూపించింది. అప్పట్నుంచి జనం కాళ్ళు వాటంతటవే అటు మళ్ళాయి.

చంటిబాబు గొడవ మాత్రం వేరే. ఎన్నిసార్లు ఆడినా జనరేటరు గదిలోకి వెళ్ళి ఇరుక్కునేవాడు. "పెళ్ళిలో కరెంటు పోద్దేమోనని నాకు భయమే, అలవాటు" అనేవాడు. ఆ గది చీకటి. లోపలికెళ్ళినవాడికి వెనక్కి రావాలని తోచేది కాదు. ఇంకెవరూ అక్కడ ఇరుక్కోవడం లేదు గనుక వదిలెయ్యొచ్చు. లిఖిత వదల్లేదు. వెనకగోడలో ఇటుకంత కన్నం పెట్టి, వేదిక మీది వెలుగు సన్నని చారలా లోపల నేలమీద పడేలా చేసింది. ఆ వెలుగు చూస్తే చంటిబాబు ఆగలేడు. కన్నంలోంచి తొంగిచూసి, "ఓహో, అక్కడున్నారా మీరు" అని వెనక్కి తిరిగి వచ్చేసేవాడు.

పంపాల్సిన గడువు దగ్గరపడే కొద్దీ ఆ పిల్లకు గుబులు పట్టుకుంది. ఒక ఉదయం గోడలకు రంగులు, స్తంభాలకు పూలదండలు తెరిచి పెట్టుకుంది. ఒక్కసారి రంగులద్దడం మొదలెడితే మళ్ళీ గోడ జరపడానికి చెయ్యి రాదని నాకు తెలుసు. నా ప్రాణం పీచుపీచుమంది. లిఖిత మౌసు మీద చెయ్యి పెట్టింది. "వద్దులే" అనుకుని అన్నీ మూసేసింది. బూడిదరంగు మండపాన్ని బూడిదరంగుగానే పంపింది. శభాష్ అని నేను లోలోపల ఎంత గట్టిగా అరిచానో!

కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి కబురు. ఎంపికైన కొందరి లెవెళ్ళను కంపెనీ వాళ్ళు వీడియో కాల్‌లో, చేసినవాళ్ళ కళ్ళముందే ఆడతారట. ఆ రోజు స్టూడియోలో తలుపేసి, లిఖిత, చంటిబాబు నా ముందు కూర్చున్నారు. తెరమీద మృదుల గారని కంపెనీలో డిజైనర్లకు పెద్ద. కళ్ళద్దాలు, నిదానమైన గొంతు.

"మొదలుపెట్టనా లిఖితా?"

లిఖిత తలూపింది. మాట్లాడే వీల్లేదు, నోటినిండా నీళ్ళు.

మృదుల గారు వంటశాలలోంచి బయటికి వచ్చారు. గుమ్మంలో ఆగారు. తల పైకెత్తి శిఖరం చూశారు. భోజనాల హాలు దాటారు. నడవా తిరిగారు. నా ఫ్యాను ఊపిరి బిగబట్టింది. అంతా బాగుందనుకుంటుండగా ఆవిడ టక్కున కుడికి మళ్ళి, సరాసరి జనరేటరు గదిలోకి వెళ్ళిపోయారు!

చీకటి. ఆవిడ అటు తిరిగారు, ఇటు తిరిగారు, ఆగిపోయారు. లిఖిత బుగ్గలు వణుకుతున్నాయి, కళ్ళలో నీళ్ళు, నోట్లో నీళ్ళు. చంటిబాబు ఆగలేక "అమ్మా, వెన..." అనబోయాడు. లిఖిత చటుక్కున అతని నోరు మూసేసింది. ఆ పిల్ల జీవితం మొత్తం ఆ చీకటిగదిలో ఇరుక్కుని ఉంది, దాన్ని బయటికి తెచ్చే మాట నోటిదాకా వచ్చి ఉంది, అయినా నీళ్ళు మింగలేదు, ఉమ్మలేదు.

మృదుల గారి చూపు నేలమీద సన్నని వెలుగు మీద పడింది. దాని వెంట గోడ దాకా వెళ్ళారు. కన్నంలోంచి తొంగిచూశారు. "ఓ!" అన్నారు నెమ్మదిగా. వెనక్కి తిరిగారు. ఇక ఎక్కడా ఆగలేదు. నడవా, మలుపు, మెట్లు, వేదిక! పళ్ళెంలోంచి అక్షింతలు ఎగిరి డబ్బా పెళ్ళికొడుకు మీదా, డబ్బా పెళ్ళికూతురి మీదా జలజలా రాలాయి. ఆవిడ పకపకా నవ్వారు.

"ఏ ఇంజిన్లో చేశావమ్మా?"

లిఖిత గుటుక్కున నీళ్ళు మింగి మేక పేరు చెప్పింది.

"ఎందుకు దాన్నే ఎంచుకున్నావు?"

"మా సీపీయూ పాతదండి, పెద్దదాన్ని మొయ్యలేదు. కానీ అసలు కారణం అది కాదు. దీంట్లో పొద్దున్న గోడ కడితే టిఫిన్ వేళకి మా మావయ్య చేత ఆడించొచ్చు. ఆయన ఎక్కడ ఇరుక్కుంటాడో చూసి, భోజనాల వేళకి గోడ జరపొచ్చు. ఇంకోదాంట్లో అయితే అప్పటికి ఇంకా నీడలే లెక్కపెడుతుంటానండి."

"మేము పెద్దదే వాడతాం."

"నేర్చుకుంటానండి. గోడ ఎక్కడుండాలో తెలిస్తే ఏ ఇంజిన్లోనైనా పెడతాను."

పాతది అన్నందుకు మరొకప్పుడైతే చిన్నబుచ్చుకునేవాణ్ణే. ఆ రోజు మాత్రం గర్వంతో నా రేకు పొంగిపోయింది.

కోచింగ్ బ్యాచి మొదలయ్యే రోజు రానే వచ్చింది. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. సత్యవేణి గారు స్టూడియో గుమ్మంలో నిలబడ్డారు.

"పద లిఖితా. మాటంటే మాట."

లిఖిత లేచింది. నామీద చెయ్యి వేసింది. నన్ను ఆపెయ్యడానికి మీట నొక్కబోతుంటే ఫోను మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు జారగిలబడి నేలమీద కూర్చుండిపోయింది.

"ఏమైందే?" సత్యవేణి గారి గొంతు కంగారుపడింది.

"తీసుకున్నారమ్మా... ఉద్యోగం. నన్ను తీసుకున్నారు!"

చంటిబాబు వేసిన కేకకు పక్క కొట్టువాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరికీ పూతరేకులు తెప్పిస్తానని బయటికి పరుగెత్తి, చెప్పులు మరిచిపోయి మళ్ళీ వచ్చాడు. సత్యవేణి గారు మాత్రం నోరెత్తలేదు, అన్నమాట ప్రకారమే. చేతిసంచి బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నారు.

"వీళ్ళు దేనికిచ్చారో నన్నూ చూడనీ."

కాలే పెనం మీద వేలు పెడుతున్నట్టు ఒక్కో మీటా నొక్కుతూ నడిచారు. వంటశాల గోడకు గుద్దుకున్నారు. చంటిబాబు "అక్కా, ఎడమ..." అంటుంటే, "నువ్వు నోర్ముయ్యరా" అన్నారు. గుమ్మంలో ఆగారు, శిఖరం చూశారు. భోజనాల హాల్లోకి తొంగిచూసి, "వడ్డించేవాళ్ళు ఒక్కళ్ళూ లేరేంటే" అని విసుక్కుని వెనక్కొచ్చారు. నడవా తిరిగారు. మెట్లెక్కారు. అక్షింతలు రాలాయి.

ఆవిడ కూతురి వైపు తిరిగారు.

"ఎవరూ చెప్పకుండానే వచ్చేశానే!"

"అదేనమ్మా నా పని" అంది లిఖిత, ఏడుస్తూ నవ్వుతూ. సత్యవేణి గారు కూతుర్ని దగ్గరికి లాక్కుని, "ముందే చూపించి చావొచ్చుగా" అని తిట్టి, తనూ కళ్ళు తుడుచుకున్నారు.

లిఖిత హైదరాబాదు వెళ్ళింది. అక్కడ ఏనుగుతోనే పని, కానీ మొదటి వారాలన్నీ బూడిదరంగు డబ్బాలేనట. ఫణీంద్ర ఇప్పుడు ఆ పిల్లనే అడుగుతున్నాడు, ఏ ఇంజిన్ మంచిదని. నన్ను పాత సామాన్లవాడికి వెయ్యలేదు. సత్యవేణి గారు నన్ను రిక్షాలో తన ఇంటికి తెప్పించుకుని, కిటికీ పక్కన బల్లమీద కూర్చోబెట్టారు. పిల్లల పేపర్లు దిద్దడం అయిపోగానే కళ్ళజోడు సవరించుకుని నా ముందు కూర్చుంటారు. లిఖిత సెలవురోజుల్లో సరదాకు మేకలో కట్టి పంపిన కొత్త లెవెళ్ళు ఆడతారు. కీళ్ళనొప్పి మరిచిపోతారు, పొయ్యి మీది పాలు మరిచిపోతారు. నా బాడీ వేడెక్కుతుంది, ఫ్యాను దగ్గుతుంది, ఎన్నాళ్ళు ఉంటానో తెలియదు, కానీ ఆవిడ మీట నొక్కితే ఇప్పటికీ మొదటి పిలుపుకే లేస్తున్నాను. నిన్న సాయంత్రం కూడా ఆఖరి తలుపు దాటి, ఫోను తీసి కూతురికి కలిపారు.

"అయిపోయిందే. ఈసారి కాస్త కష్టంగా పెట్టు, మరీ పిల్లలాటలా ఉంది."